నూక, పులుపు, తల్లికి టీకా

మాలూరు చుట్టుపక్కల పందుల దొడ్లలో దాణా సంగతి కదిపితే మాట రెండు దారులు పడుతుంది. ఒకటి, బెంగళూరు హోటళ్లలో, కల్యాణ మంటపాల్లో మిగిలిన అన్నం, సాంబారు, కూరగాయల తుక్కు. అది డ్రమ్ముల్లో వ్యాను ఎక్కి వస్తుంది, నీలగిరి కట్టెల మంట మీద మరుగుతుంది. రెండోది, సంచుల్లో వచ్చే గుళికల దాణా. రెండింట్లో ఏది శుభ్రమైనదంటే ఎవరైనా సంచినే చూపిస్తారు. అందులో తప్పేమీ లేదు. గింజలను మెత్తగా ఆడించి, ఆవిరి పట్టి, 80 డిగ్రీల దరిదాపు వేడిలో అచ్చులోంచి ఒత్తి తీసిన గుళిక అది. ఆ వేడికి సాల్మొనెల్లా లాంటి క్రిమి బతికి బట్టకట్టడం కష్టం.

అయితే 1990ల నుంచి డెన్మార్క్‌లో, నెదర్లాండ్స్‌లో మందల లెక్కలు తీసినవాళ్లకు తలకిందుల ఫలితం కనిపించింది. గుళికలు తినే మందల్లో సాల్మొనెల్లా ఎక్కువగా ఉంది. గింజలు ఇంట్లోనే నూకగా ఆడించుకుని పెట్టేవాళ్ల మందల్లో, పులిసిన పాలవిరుగుడు నీళ్లు కలిపి పోసేవాళ్ల మందల్లో తక్కువగా ఉంది. దాణాలో లేని క్రిమి పందిలో ఎలా ఉంది? దానికి జవాబు చెప్పుకునే ముందు ఆ క్రిమి మనకు పరిచయమైన తీరు చూడాలి. ఆ పేరు మొదట పడ్డది పందిలో దొరికిన క్రిమికే. అదీ వేరే దొంగ కోసం వెతుకుతుంటే దొరికింది.

కోలారులో జాన్ టేలర్ కంపెనీ బంగారం కోసం గనులు తవ్వుతున్న రోజులవి. అమెరికాలో హాగ్ కలరా అనే రోగం పందుల మందలను తుడిచిపెట్టేస్తోంది. 1884లో అక్కడి వ్యవసాయ శాఖ పశువుల రోగాల కోసమే ఒక విభాగం తెరిచి, డేనియల్ ఎల్మర్ శాల్మన్ అనే పశువైద్యుణ్ణి దానికి అధిపతిని చేసింది. ఆయన కింద పనికి చేరిన కుర్ర డాక్టరు థియోబాల్డ్ స్మిత్, 1885లో ఆ రోగంతో చచ్చిన పందుల్లోంచి కడ్డీలాంటి ఒక బ్యాక్టీరియాను వేరుచేశాడు. హాగ్ కలరాకు కారణం ఇదేనని ఇద్దరూ కలిసి ప్రకటించారు. 1900లో లిన్యేర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ జాతికి శాల్మన్ పేరు మీద సాల్మొనెల్లా అని నామకరణం చేశాడు. పని కుర్రవాడిది, పేరు పెద్దాయనది. ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు ఇదేమీ వింతగా అనిపించదు.

అసలు పొరపాటు 1903లో బయటపడింది. అదే విభాగంలో ద ష్వైనిట్జ్, మారియన్ డార్సెట్ అనే ఇద్దరు, జబ్బు పందుల రక్తపు సారాన్ని బ్యాక్టీరియా దాటలేని వడపోత గుండా పంపారు. వడకట్టిన ఆ నీటిని ఎక్కించినా పందులకు జబ్బు వచ్చింది. అంటే కారణం బ్యాక్టీరియా కాదు, అంతకంటే సూక్ష్మమైన వైరస్. స్మిత్ పట్టుకున్నది తలుపులు విరగ్గొట్టిన దొంగను కాదు, ఆ తర్వాత సందు చూసి దూరినవాణ్ణి. ఆ వైరస్ జబ్బునే ఇప్పుడు మనం స్వైన్ ఫీవర్ అంటున్నాం. బెంగళూరు హెబ్బాళలో పశు ఆరోగ్య, జైవిక ఔషధ సంస్థ తయారుచేసే టీకాల్లో ఒకటి ఈ జబ్బుకే. ఒకప్పుడు రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారిని ఎదుర్కోవడానికి మైసూరు సంస్థానం మొదలుపెట్టిన సీరం ఇన్‌స్టిట్యూట్ అది. స్వైన్ ఫీవర్ టీకా మన పందుల రైతుకు బాగా తెలుసు. ఆ రోగాన్ని వెతుకుతుంటే బయటపడిన సాల్మొనెల్లా పేరు మాత్రం చాలా దొడ్ల గడప దాటి లోపలికి రాలేదు.

పొరపాటున వేరే దొంగను పట్టుకున్నా స్మిత్, శాల్మన్‌ల శ్రమ వృథా పోలేదు. 1886లో వాళ్లు ఆ క్రిమిని వేడిచేసి చంపి పావురాలకు ఎక్కించారు. తర్వాత బతికున్న క్రిమిని ఎక్కించినా ఆ పావురాలు తట్టుకున్నాయి. అప్పటిదాకా టీకా అంటే పాశ్చర్ చేసినట్టు బతికున్న క్రిమిని బలహీనపరిచి ఇవ్వడమే. చచ్చిన క్రిమి కూడా ఒంటికి పాఠం నేర్పగలదని తెలిసింది ఇక్కడే. మరో పదేళ్లకు, 1896లో, బ్రిటన్‌లో ఆల్మ్‌రాత్ రైట్ చంపిన క్రిములతో టైఫాయిడ్ టీకా చేశాడు. టైఫాయిడ్ క్రిమి కూడా సాల్మొనెల్లా కుటుంబంలోదే. 1897లో బొంబాయిలో హాఫ్కిన్ ప్లేగు టీకా చేసిందీ క్రిమిని వేడికి చంపే. పందుల రోగం మీద మొదలైన పని మనుషుల్ని కాపాడే దాకా వెళ్లింది. పందుల దగ్గర మాత్రం ఆ పాచిక పారలేదు.

ఎందుకు పారలేదో తెలియడానికి చాలాకాలం పట్టింది. సాల్మొనెల్లా ఊరికే పేగులో తిరిగి పోయే రకం కాదు. పేగు గోడలో దూరి, తనను మింగడానికి వచ్చిన రక్షక కణంలోనే కాపురం పెడుతుంది. టాన్సిల్స్‌లో, పేగుల దగ్గరి శోషరస గ్రంథుల్లో నెలల తరబడి దాక్కుంటుంది. పంది చూడటానికి దుక్కలా ఉంటుంది, మేత తింటుంది, బరువు పెరుగుతుంది. లారీ ఎక్కించి ఎండలో నాలుగు గంటలు తిప్పితే చాలు, ఆ బెదురుకు పేడలో క్రిమిని కుమ్మరిస్తుంది. కణం లోపల దాక్కున్నదాన్ని రక్తంలో తిరిగే ప్రతిరక్షకాలు అందుకోలేవు. చచ్చిన క్రిమితో చేసిన టీకా ఎక్కువగా ఆ ప్రతిరక్షకాలనే పుట్టిస్తుంది. కణాలకు కణాలే వెళ్లి పోరాడాలంటే ఒంట్లోకి వెళ్లేది కూడా బతికున్న క్రిమి కావాలి, కానీ కోరలు పీకింది కావాలి.

కోరలు పీకే పద్ధతులు తలా ఒకటి కనిపెట్టారు. 1965లో బ్రిటన్‌లో హెచ్. విలియమ్స్ స్మిత్ (ఈయన వేరే స్మిత్) పైపొర కోల్పోయిన ఒక మొరటు రకాన్ని ఎంచుకుని పందుల్లో పరీక్షించాడు. అమెరికాలో అయోవా రాష్ట్రంలో చేసిన పని నాకు మరీ నచ్చుతుంది. అక్కడి పరిశోధకులు పందులకు సెప్టిసీమియా, అంటే రక్తంలోకి క్రిమి పాకే జబ్బు, తెచ్చే కాలరేసూయిస్ రకాన్ని తీసుకుని, దాన్ని పంది తెల్లరక్త కణాల గుండానే పదే పదే పంపారు. తనను చంపడానికి పుట్టిన కణాల మధ్య మళ్లీ మళ్లీ బతికి బయటపడ్డ ఆ క్రిమి, దారిలో తన విషపు శక్తికి ఆధారమైన జన్యు తునకను, అంటే ప్లాస్మిడ్‌ను పోగొట్టుకుంది. ఆ పని 1990ల మొదట్లో పందుల టీకా అయింది. జర్మనీలో దెస్సావు కేంద్రంగా వచ్చిన టీకాది ఇంకో దారి. మనుషులకు కూడా వచ్చే టైఫిమ్యూరియం రకానికి హిస్టిడిన్, అడినిన్ అనే రెండు పదార్థాలను తయారుచేసుకునే శక్తి తీసేశారు. ఆ క్రిమి పందిలో కొన్నాళ్లు బతుకుతుంది, పాఠం చెబుతుంది, సరుకు అందక ఆరిపోతుంది.

ఇక్కడ దాణా దగ్గరికి తిరిగి రావాలి. ఎందుకంటే టీకాల పని ఒక పక్క సాగుతుండగానే అసలు ఒత్తిడి మనుషుల పళ్లెం వైపు నుంచి వచ్చింది. 1953లో స్వీడన్‌లో ఆల్వెస్తా అనే ఊరి కబేళా నుంచి వెళ్లిన మాంసం సుమారు 9,000 మందిని మంచాన పడేసింది, 90 మంది దాకా పోయారు. అప్పటి నుంచి స్వీడన్ సాల్మొనెల్లా మీద పట్టు బిగించింది. తర్వాత దాణాయే దొంగ బండి అని తేలిన సందర్భం కూడా వచ్చింది. పెరూ నుంచి వచ్చిన చేపపొడిలో ఎక్కి, అగోనా అనే కొత్త రకం 1970 ప్రాంతాల్లో అమెరికా, బ్రిటన్, నెదర్లాండ్స్, ఇజ్రాయెల్‌లలో ఒకేసారి తలెత్తింది. కోళ్లకు పెట్టిన చేపపొడి మనిషి ఆసుపత్రి చీటీ మీద తేలింది. దాణాను ఉడికించాలన్న పట్టుదల వెనక ఇలాంటి కథలే ఉన్నాయి. గుళికల మీద నమ్మకం గాలిలోంచి పుట్టింది కాదు.

డెన్మార్క్ పంది మాంసం ఎగుమతి మీద బతికే దేశం. 1993లో అక్కడ పంది మాంసం వల్ల పెద్ద ఎత్తున జబ్బులు వచ్చాయి. మూలం వెతికితే ఒకే కబేళా దగ్గరికి దారి తీసింది. దాంతో ప్రభుత్వం, రైతుల సంఘాలు కలిసి 1995 నాటికి దేశమంతటా పరీక్షలు మొదలుపెట్టాయి. పరీక్ష పద్ధతి మహా పొదుపైనది. కబేళాలో ప్రతి మంద నుంచి కొన్ని పందుల కండ ముక్క చిన్నది కోసి ఫ్రీజరులో గడ్డ కట్టిస్తారు. మళ్లీ కరగనిస్తే ముక్క లోంచి నాలుగు చుక్కల ఎర్రటి నీరు ఊరుతుంది. ఆ నీటిలో సాల్మొనెల్లా మీద పుట్టిన ప్రతిరక్షకాలు ఉన్నాయా లేదా అని చూస్తారు. రైతు దొడ్డికి వెళ్లక్కర్లేదు, పందిని పట్టి రక్తం తీయక్కర్లేదు. ఫలితాన్ని బట్టి మందలను మూడు అంచెలు చేశారు. రెండో, మూడో అంచెల్లో పడ్డ రైతుకు ధరలో కోత పడుతుంది, మూడో అంచె పందులను విడిగా, ప్రత్యేక జాగ్రత్తలతో కోస్తారు. పంది మాంసం వల్ల జబ్బుపడ్డవారి సంఖ్య అంచనాల ప్రకారం 1993లో 1,100 పైచిలుకు. 2000 నాటికి అది 200 లోపుకు వచ్చింది.

డబ్బులు కోత పడేసరికి రైతులకు చురుకు పుట్టింది. పక్కవాడి దొడ్డిలో లేనిది నా దొడ్డిలో ఎందుకుందని అడగడం మొదలైంది. అలా అడిగితేనే గుళిక, నూకల తేడా బయటపడింది. కారణం వెతికే పని పరిశోధకుల మీద పడింది.

2004లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు ఒకే దాణాను నాలుగు రకాలుగా, అంటే మెత్తగానూ నూకగానూ, గుళిక చేసీ చేయకుండానూ, పందులకు పెట్టి కడుపులో ఏం జరుగుతుందో చూశారు. మెత్తటి గుళిక పొట్టలో పడగానే జావైపోతుంది. పల్చటి జావ కడుపులో నిలవదు, గబగబా పేగులోకి జారిపోతుంది, దాంట్లో కడుపు పులుపు సరిగ్గా ఇంకదు. నూక అలా కాదు. ముద్దగా, బరువుగా కూర్చుంటుంది, నిదానంగా కదులుతుంది. ఆ నిదానంలో లాక్టోబాసిల్లస్ లాంటి మంచి బ్యాక్టీరియా పెరిగి ఆమ్లాలు తయారుచేస్తాయి. నూక తిన్న పంది కడుపులోని సరుకును తీసి దాంట్లో సాల్మొనెల్లాను వదిలితే, గుళిక తిన్న పంది కడుపు సరుకులో కంటే తొందరగా చచ్చింది. పెద్ద పేగులో కూడా నూక వల్ల బ్యూటిరేట్, ప్రొపియోనేట్ లాంటి ఆమ్లాలు పెరిగాయి. అవి పేగు గోడలకు మేలు చేస్తాయి, సాల్మొనెల్లాకు చేటు చేస్తాయి. మెత్తగా ఆడించిన దాణాతో పందుల కడుపులో పుండ్లు పడతాయని పశువైద్యులు ముందే చెబుతున్నారు. ఈ తీర్పు దానికి తోడైంది.

అంటే గుళిక బయటి నుంచి వచ్చే క్రిమిని ఆపుతుంది, లోపల ఉన్నదానికి తలుపు తీస్తుంది. సాల్మొనెల్లా ముందే తిష్ట వేసిన దొడ్డిలో రెండోదే పెద్ద సంగతి. అయితే రైతు దీనికి ఎగిరి గంతేయలేదు. నూక తిన్న పంది కిలో బరువు పెరగడానికి మేత ఎక్కువ తింటుంది. డెన్మార్క్‌లోనూ ఈ లెక్క దగ్గరే పేచీ. క్రిమి తగ్గితే లాభం మాంసం తినేవాడిది, మేత ఎక్కువైతే ఖర్చు పెంచేవాడిది. ఈ రెంటి మధ్య తగువు తీర్చేది కబేళా దగ్గరి కోతే తప్ప ఎవరి మంచితనమూ కాదని నా అభిప్రాయం.

నెదర్లాండ్స్‌లో దారి ఇంకోలా తెరుచుకుంది. అక్కడి పందుల రైతులు పాలవిరుగుడు, బంగాళదుంప తొక్కలు, పిండి మిల్లుల నీళ్లు లాంటివి చవగ్గా కొని పల్చటి మేతగా పోసేవారు. అవి తొట్టిలో పులుస్తాయి. ఉట్రెక్ట్‌లో పరిశోధకులు ఇలా పులిసిన మేతలో సాల్మొనెల్లా నిలవలేదని, లాక్టిక్ ఆమ్లం పెరిగి పులుపు కొలత పీహెచ్ 4 దరిదాపులకు దిగడమే అందుకు కారణమని చూపించారు. మన కుడితి తొట్టిలో జరిగేదీ ఈ పనే. అంతా పారబోయకుండా అడుగున కాస్త ఉంచి, దాని మీదే మళ్లీ తవుడు, నీళ్లు కలిపితే పులుపు ఊపందుకుంటుంది. కానీ ఇక్కడొక మెలిక ఉంది. కొత్తగా కలిపిన తొట్టి మొదటి రోజుల్లో ప్రమాదం. పులుపు ఎక్కేలోపు చెడ్డ బ్యాక్టీరియాకే రాజ్యం. సగం పులిసిన కుడితి అసలు పులవని దానికంటే చెడ్డది. సోయా చెక్కను కూడా కలిపి పులియబెడితే లైసిన్ అనే అమైనో ఆమ్లం నష్టమవుతుంది కనుక, గింజల పిండిని మాత్రం పులియబెట్టి చెక్కను పోసే ముందు కలపమని డెన్మార్క్ వాళ్లు తేల్చారు.

పులుపును బయటి నుంచి కలిపే ఆలోచన కూడా ఈ కాలంలోనే బలపడింది. ఫార్మిక్, లాక్టిక్, బెంజోయిక్ ఆమ్లాలను దాణాలోనో తాగే నీళ్లలోనో కలపడం. 2001లో యూరప్ పొటాషియం డైఫార్మేట్‌కు అనుమతి ఇచ్చింది. 2006 జనవరి 1 నుంచి ఎదుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్ కలపడాన్ని అక్కడ పూర్తిగా ఆపేశారు. మన దేశంలోనూ 2019లో పశువులకు, కోళ్లకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని నిషేధించారు. పారుడు పట్టుకుంటే మందు చల్లేసే అలవాటుకు అడ్డుకట్ట పడ్డచోటే మేత, టీకాల మాటకు విలువ వచ్చింది.

ఇదంతా మాంసం పందుల గొడవ. పిల్లల్ని ఉత్పత్తి చేసి అమ్మే ఫారాల సంగతి వేరు, దాన్ని పట్టించుకోవడానికి ఇంకా ఆలస్యమైంది. 2008లో యూరప్‌లో చాలా దేశాలు కలిపి సర్వే చేస్తే పెంపకపు ఫారాల్లో 28.7 శాతం చోట్ల సాల్మొనెల్లా కనబడింది. అక్కడి నుంచి అమ్ముడుపోయే ఆడపందులతో పాటు క్రిమి కూడా కొన్నవాడి ఇంటికి వెళుతుంది.

ఇక్కడే తల్లికి టీకా వేయాలన్న ఆలోచన బలం తెలుస్తుంది. పంది మావి తల్లి ప్రతిరక్షకాలను బిడ్డకు దాటనివ్వదు. పిల్ల పుట్టేసరికి ఒంట్లో కాపుదల సున్నా. దానికి దొరికేదంతా జున్నుపాలలోనే. పుట్టిన గంటలోపే, బొడ్డు తీగ ఇంకా వేలాడుతుండగా, పిల్ల తల్లి కాళ్ల వెనక నుంచి పొట్ట వెంబడి ముక్కుతో తడుముకుంటూ చన్ను దగ్గరికి వెళుతుంది. సుమారు 250 గ్రాముల జున్నుపాలు పడితే నిలదొక్కుకుంటుంది. ఒక రోజు దాటితే పేగు ఆ ప్రతిరక్షకాలను లోపలికి తీసుకునే దారి మూసేసుకుంటుంది. ఈత పెద్దదైనప్పుడు ఆఖరున పుట్టిన బక్క పిల్లను ఎత్తి చన్నుకు పట్టించే మనిషి ఆ రాత్రి చేసేది టీకా పనే.

తల్లికి ఈనేలోపు మూడు వారాల ఎడంతో రెండుసార్లు ఆ బతికున్న టైఫిమ్యూరియం టీకా వేస్తే లాభం రెండు వైపులా ఉంటుంది. తల్లి పేడలో క్రిమిని తక్కువ వదులుతుంది, జున్నుపాలు చిక్కటి కాపుదల అవుతాయి. పాలు మాన్పించి, అన్ని ఈతల పిల్లల్నీ ఒకచోట కలిపే వేళకు ఆ కాపుదల తరిగిపోతుంది. సాల్మొనెల్లా చెలరేగేది ఆ తర్వాతి వారాల్లోనే కనుక పిల్లలకు నోటి ద్వారా కూడా ఇవ్వవచ్చు. బ్రిటన్ పశు ఆరోగ్య సంస్థ వాళ్లు మూడు పెంపకపు ఫారాల్లో ఈ టీకాను నెలల తరబడి వెంబడించి చూసి 2016లో ఫలితాలు ప్రకటించారు. తల్లులకు టీకా పడుతున్నకొద్దీ తల్లుల్లోనూ పిల్లల్లోనూ పేడలో ఆ రకం తగ్గుతూ వచ్చింది.

అయినా డెన్మార్క్ టీకాను తన పథకానికి మూలస్తంభం చేసుకోలేదు. కారణం వాళ్ల పరీక్షలోనే ఉంది. కరిగిన కండ నీటిలో వాళ్లు వెతికేది ప్రతిరక్షకాలను. అవి జబ్బు క్రిమి వల్ల వచ్చాయా, టీకా వల్ల వచ్చాయా అన్నది ఆ పరీక్ష చెప్పలేదు. టీకా వేయించిన మంచి రైతు కూడా మూడో అంచెలో పడే ప్రమాదం ఉంది. 2007లో జర్మనీలో హానోవర్ పరిశోధకులు దీనికొక ఉపాయం చూపారు. టీకా క్రిమి పైపొరలో ఉండే ఒక ప్రొటీన్‌ను జన్యువు స్థాయిలో తీసేశారు. అసలు క్రిమి సోకిన పందికి ఆ ప్రొటీన్ మీద ప్రతిరక్షకాలుంటాయి, టీకా పందికి ఉండవు. తేడా పట్టడానికి అది చాలు.

మాలూరు ఫారాల్లో ఇందులో ఏది పనికొస్తుంది? పందుల మీద మన తెలుగు నేలలోనూ పని జరిగింది. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం సీమపంది రక్తం ముప్పాతిక, నాటు రక్తం పాతికగా టి-17 రకాన్ని తయారుచేసింది. జాతి మీద పెట్టిన శ్రద్ధ దాణా నూక మీద కూడా పెట్టడానికి పెద్ద ఖర్చేమీ లేదు. మిల్లులో జల్లెడ మార్పించి, మొక్కజొన్నను పిండి కాకుండా నూక చేయించుకోవడం రైతు చేతిలో పని. చేపపొడి కొనేటప్పుడు అది ఎక్కడ ఆరిందో అడగడం కూడా. హోటల్ మిగులైతే 90 డిగ్రీల దగ్గర కలియబెడుతూ గంటసేపు ఉడకాలి. 2020లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే వేరే జబ్బు దేశంలోకి వచ్చాక ఈ గంట మరీ ముఖ్యమైంది. ఎక్కువమంది తప్పు చేసేది మరిగాక. పచ్చి మిగులు తెచ్చిన డ్రమ్ములోకే మరిగినదాన్ని వంపి, మర్నాటి దాకా గోరువెచ్చగా వదిలేస్తారు. క్రిమికి అంతకంటే మంచి పొదుగుడు గూడు దొరకదు. చల్లారగానే పెట్టేయాలి, లేదా వేరే శుభ్రమైన తొట్టిలో పులుపు పూర్తిగా ఎక్కేదాకా ఆగాలి. పీహెచ్ కాగితం ముక్క ముంచి చూస్తే తెలిసిపోతుంది.

టీకాకు మాత్రం తొందర పనికిరాదు. సాల్మొనెల్లాలో 2,500 పైగా రకాలున్నాయి. టైఫిమ్యూరియం టీకా దాని దగ్గరి చుట్టాల మీద పనిచేస్తుంది, కాలరేసూయిస్ మీద అదే పనితీరు ఆశించలేం. కొత్తగా కొన్న ఆడపందులను మందలో కలపకుండా కొన్ని వారాలు విడిగా ఉంచి, పేడ నమూనాలను పరీక్షకు పంపి, ఏ రకం ఉందో కాగితం మీద వచ్చాక పశువైద్యుడితో టీకా మాట్లాడాలి. అప్పటిదాకా స్వైన్ ఫీవర్ టీకా ఎప్పటిలా వేయించుకుంటూ ఉండాలి, ఎందుకంటే ఆ వైరస్ పందిని కుంగదీసినప్పుడు సాల్మొనెల్లా దూరడానికి సందు దొరుకుతుంది.